ఆ ఫోన్ ఎవరు చేశారో రాసిపెట్టండి

కేంద్ర బ్యాంకుల్లో వడ్డీ రేట్లు నిర్ణయించే గవర్నర్లకు, కమిటీ సభ్యులకు,

నమస్కారం.

మీరు ఏ దేశంలో ఉన్నా, రేటు ప్రకటించిన రోజు విలేకరుల నుంచి ఒక ప్రశ్న తప్పదు. ప్రభుత్వం నుంచి ఒత్తిడి ఏమైనా వచ్చిందా అని అడుగుతారు. మీ జవాబు కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే. అంకెలు చూసి నిర్ణయం తీసుకున్నాం, రాజకీయాలతో మాకు సంబంధం లేదు అంటారు. మీలో ఎక్కువమంది ఆ మాట మనస్ఫూర్తిగానే చెబుతారని నమ్ముతాను. అయినా ఆ జవాబు ఇక సరిపోదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. అధికారంలో ఉన్నవాళ్లు, దేశాధ్యక్షుడు కావచ్చు, ఆర్థిక మంత్రి కావచ్చు, వాళ్ల తరఫున వచ్చిన సలహాదారు కావచ్చు, వడ్డీ రేటు గురించి మీతో మాట్లాడితే ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసిపెట్టండి. రాసినదాన్ని కొన్ని నెలల్లో మా ముందు పెట్టండి.

ఇంత చిన్న విషయాన్ని ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. రేటు అంకె చూసి దాని వెనక ఉద్దేశం కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. పావు శాతం తగ్గించారనుకోండి. ధరల పెరుగుదల నెమ్మదించిందని తగ్గించి ఉండొచ్చు. ఎన్నికలు దగ్గరపడ్డాయని ఎవరో నచ్చజెబితే తగ్గించి ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ మీ ప్రకటనలో వాక్యాలు ఒకేలా ఉంటాయి. 1975లో విలియం నార్డ్‌హౌస్ అనే ఆర్థికవేత్త ఒక వాదన ముందుకు తెచ్చారు. ఎన్నికల ముందు ఆర్థిక వ్యవస్థను ఉరకలెత్తించి, ఆ ఖర్చును ఎన్నికల తర్వాతికి నెట్టడం పాలకులకు లాభసాటి అని దాని సారం. రేటు తగ్గిస్తే ఉపాధి, అమ్మకాలు ముందు పుంజుకుంటాయి. ధరలు పెరగడం తర్వాత మొదలవుతుంది, చాలాసార్లు ఏడాదికి పైనే పడుతుంది. అందుకే ఆ ఆశ పాలకులకు ఎప్పుడూ ఉంటుంది. అయితే ప్రతి ఎన్నికల ముందూ రేట్లు తగ్గుతాయని సూత్రంలా చెప్పడానికి, ముఖ్యంగా పాత ప్రజాస్వామ్యాల్లో, నిలకడైన ఆధారాలు దొరకలేదు. కొన్నిసార్లు జరిగింది, కొన్నిసార్లు జరగలేదు. ఎప్పుడు జరిగిందో తెలుసుకోవాలంటే గదిలో ఎవరేం మాట్లాడారో తెలియాలి. అది మాకు తెలిసేసరికి ఒక తరం గడిచిపోతోంది.

ఆర్థర్ బర్న్స్ సంగతి చూడండి. 1970 జనవరి చివర్లో ఆయన అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ఛైర్మన్‌గా ప్రమాణం చేసినప్పుడు అధ్యక్షుడు నిక్సన్ పక్కనే ఉన్నారు. సభలో చప్పట్లు మోగితే, ఇది తక్కువ వడ్డీ రేట్లకు ముందుగానే వేసిన ఓటు అన్నట్టు నిక్సన్ అందరి ముందూ మాట్లాడారు. అది బహిరంగంగా జరిగింది కాబట్టి అప్పుడే అందరికీ తెలిసింది. ఆ తర్వాత తలుపులు మూసి జరిగిన సంభాషణలు మాత్రం నిక్సన్ తన ఆఫీసులో పెట్టించుకున్న రికార్డింగుల్లో ఉండిపోయాయి. 1972 ఎన్నికల ముందు డబ్బు చలామణీ పెంచమని అధ్యక్షుడు నేరుగా ఒత్తిడి తెచ్చినట్టు వాటిలో వినిపిస్తుంది. మధ్యలో బర్న్స్ మాట వినడం లేదనిపించినప్పుడు, ఆయన తన జీతం పెంచమని అడిగారంటూ ఒక తప్పుడు వార్తను వైట్‌హౌస్ మనుషులే పత్రికలకు లీక్ చేశారు. 1971 చివరికి, ఫెడ్ బ్యాంకులకు అప్పిచ్చే డిస్కౌంట్ రేటు 5 శాతం నుంచి 4.5కు దిగింది. మరుసటి నవంబరులో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. 1974 చివరికి అమెరికాలో ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది.

ఆ 12 శాతానికి బర్న్స్ ఒక్కరే కారణమని నేను అనడం లేదు. చమురు ధరలు ఉన్నాయి, ఆహార ధరలు ఉన్నాయి, జీతాల మీద, ధరల మీద పెట్టి తీసేసిన నియంత్రణలు ఉన్నాయి. ఒత్తిడి లేకపోయినా ఆయన అదే నిర్ణయం తీసుకునేవారేమో కూడా. అసలు బాధంతా అక్కడే ఉంది. జీతం రాళ్లు కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్న కోట్ల మందికి, తమ కష్టంలో ఎంత భాగం చమురుదో, ఎంత భాగం ఎన్నికలదో తెలుసుకునే దారి అప్పుడు లేదు. టేపులు బయటికొచ్చి, పరిశోధకులు వాటిని విని రాసేనాటికి ఆ ఓటర్లలో చాలామంది బతికి లేరు.

1979 సెప్టెంబరు చివర్లో, పదవి దిగిపోయాక, బర్న్స్ బెల్‌గ్రేడ్‌లో ఒక ప్రసంగం చేశారు. ద్రవ్యోల్బణాన్ని ఆపే శక్తి కేంద్ర బ్యాంకుల చేతుల్లో ఉన్నా, కాలపు రాజకీయ ప్రవాహాల్లో అవి కొట్టుకుపోయి దాన్ని వాడలేకపోయాయని అందులో ఒప్పుకున్నారు. వారం తిరక్కుండానే, అక్టోబరు 6న, కొత్త ఛైర్మన్ పాల్ వోల్కర్ పూర్తిగా కొత్త విధానం ప్రకటించారు. తర్వాతి రెండేళ్లలో రేట్లు 19, 20 శాతం దాకా వెళ్లాయి. ఇళ్లు కట్టే బిల్డర్లు అమ్ముడుపోని ఇళ్లకు గుర్తుగా చెక్క ముక్కలను పోస్టులో ఫెడ్‌కు పంపారు. రైతులు ట్రాక్టర్లతో వచ్చి ఫెడ్ భవనాన్ని చుట్టుముట్టారు. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. వోల్కర్‌ను నియమించిన కార్టర్ 1980 ఎన్నికల్లో ఓడిపోయారు. ద్రవ్యోల్బణం మాత్రం దిగొచ్చింది. రాజకీయాలకు లొంగని కేంద్ర బ్యాంకు అనగానే ఇప్పటికీ అందరూ చెప్పేది వోల్కర్ పేరే.

ఆ వోల్కర్‌కే 1984లో ఏం జరిగిందో చూడండి. ఎన్నికల ఏడాది వేసవిలో ఆయన్ను వైట్‌హౌస్‌కు పిలిచారు. అధ్యక్షుడి ఓవల్ ఆఫీసులో కాకుండా లైబ్రరీలో కూర్చోబెట్టారు. అధ్యక్షుడు రేగన్ పక్కన ఉండగా, ఎన్నికలు అయ్యేదాకా రేట్లు పెంచొద్దని అధ్యక్షుడు ఆదేశిస్తున్నారని వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జేమ్స్ బేకర్ చెప్పారు. వోల్కర్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి వచ్చేశారు. ఆ సమయంలో రేట్లు పెంచే ఆలోచన ఆయనకు ఎలాగూ లేదు. అందుకే ఎవరికీ ఏమీ చెప్పలేదు. 2018లో, తొంభై ఏళ్లు దాటాక, తన జ్ఞాపకాల్లో ఆయనే ఈ సంగతి రాశారు. అంటే 34 ఏళ్ల తర్వాత.

ఈ ఘటన నన్ను బర్న్స్ కథ కంటే ఎక్కువ కలవరపెడుతుంది. ఇక్కడ కేంద్ర బ్యాంకు తప్పు చేయలేదు, లొంగలేదు. కానీ ఒక ప్రజాస్వామ్యంలో అధ్యక్షుడి మనుషులు చట్టం ఇవ్వని అధికారంతో ఆదేశం ఇచ్చారు. ఆ దేశ పార్లమెంటుకు గాని, ప్రజలకు గాని, ఆ ఎన్నికల్లో ఓటేసిన ఒక్కరికి గాని ఆ సంగతి తెలియలేదు. ఒత్తిడికి లొంగకపోతే చాలని మీరు అనుకుంటారు. మాకు అది చాలదు. ఒత్తిడి తెచ్చినవాళ్లు ఎవరో ఓటు వేసే ముందు తెలియడం మా హక్కు.

తెలిస్తే ఏమవుతుందో కూడా చరిత్రలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ఖర్చు కోసం 1942 నుంచి అమెరికా ప్రభుత్వ దీర్ఘకాలిక బాండ్ల మీద వడ్డీ 2.5 శాతం దాటకుండా ఫెడ్ కాపలా కాసింది. యుద్ధం అయిపోయినా ఆ కట్టుబాటు వదలలేదు. కొరియా యుద్ధంతో ధరలు మళ్లీ పెరగడం మొదలైంది. 1951 జనవరి 31న అధ్యక్షుడు ట్రూమన్ రేట్లు నిర్ణయించే కమిటీ మొత్తాన్ని వైట్‌హౌస్‌కు పిలిపించారు. అలా మొత్తం కమిటీని పిలిపించడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. ఆ మర్నాడు, బాండ్ల ధరలు నిలబెడతామని, అంటే వాటి మీద వడ్డీ పెరగనివ్వమని, ఫెడ్ మాట ఇచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. కమిటీ అలాంటి మాటేమీ ఇవ్వలేదు. ఆ సమావేశంలో ఏం జరిగిందో సభ్యులు నోట్ రాసుకున్నారు. 1948లో ట్రూమన్ ఛైర్మన్ పదవి నుంచి తప్పించినా సభ్యుడిగా కొనసాగుతున్న మారినర్ ఎకల్స్ కొద్ది రోజుల్లోనే ఆ నోట్‌ను పత్రికలకు ఇచ్చేశారు. ప్రభుత్వం చెప్పింది ఒకటి, గదిలో జరిగింది ఒకటి అని దేశమంతా చదివింది. మార్చి 4న ట్రెజరీ (ఆర్థిక శాఖ), ఫెడ్ మధ్య ఒప్పందం కుదిరింది, ఫెడ్‌కు రేట్ల మీద స్వేచ్ఛ తిరిగొచ్చింది. ఇప్పుడు మీ ఉపన్యాసాల్లో స్వతంత్రత గురించి చెప్పుకునేదంతా ఆ నెల రోజుల్లో నిలబడింది. దాని వెనక ఒక కాగితం ఉంది, దాన్ని బయటపెట్టిన ఒక మనిషి ఉన్నాడు.

కొందరు పాలకులు ఇప్పుడు దాపరికం లేకుండానే ఒత్తిడి తెస్తున్నారు. తుర్కియే (టర్కీ)లో అధ్యక్షుడు ఎర్దోగాన్ 2019 జూలై నుంచి 2021 మార్చి దాకా ముగ్గురు గవర్నర్లను తీసేశారు. మూడో గవర్నర్ నాజీ అగ్బాల్ రేటును 2 శాతం పెంచి 19కి చేర్చిన రెండు రోజులకే పదవి పోయింది. తర్వాత వచ్చిన గవర్నర్ తగ్గించుకుంటూ పోయారు. 2023 ఫిబ్రవరికి రేటు 8.5కు వచ్చింది. ఈలోపు, 2022 అక్టోబరులో, అధికారిక లెక్కల ప్రకారమే ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. 2023 మేలో ఎన్నికలు అయిపోయాయి, జూన్ నుంచి రేట్లు పెంచడం మొదలైంది, 2024 మార్చికి 50 శాతానికి వెళ్లాయి. అక్కడ రాజకీయ ప్రభావం ఉందా అని ఎవరూ అడగనక్కర్లేదు. అమెరికాలోనూ 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ ఫెడ్ గవర్నర్ లీసా కుక్‌ను తొలగిస్తున్నట్టు ప్రకటించారు. ఆమె కోర్టుకు వెళ్లారు. ఇలాంటివి చూసినప్పుడు కోపం వస్తుంది, కానీ కనీసం కనిపిస్తున్నాయి. నా భయం కనిపించని వాటి గురించే.

ఒత్తిడి ఎప్పుడూ పాలకపక్షం నుంచే రాదని కూడా చెప్పాలి. 2019 ఆగస్టులో న్యూయార్క్ ఫెడ్ మాజీ అధ్యక్షుడు విలియం డడ్లీ ఒక వ్యాసం రాశారు. తమ నిర్ణయాలు 2020 ఎన్నికల మీద చూపే ప్రభావాన్ని కూడా ఫెడ్ లెక్కలోకి తీసుకోవాలన్న వాదన ఉందని అందులో అన్నారు. ఫెడ్ వెంటనే ఆ ఆలోచనతో తమకు సంబంధం లేదని చెప్పింది. మంచిదే. ఒక నాయకుడు ఓడిపోవాలని రేటు మార్చడం కూడా, గెలవాలని మార్చినంత తప్పు. మార్కెట్ పెద్దలతో మీ భోజనాల గురించీ అడగాల్సింది ఉంది, కానీ దానికి వేరే లేఖ కావాలి.

రాజకీయాలతో అసలు సంబంధం లేదనే మాట మీరు ఎందుకు మానాలంటే, సంబంధం ఉంది, ఉండాలి కూడా. మీ లక్ష్యం ఏమిటో చట్టసభలే నిర్ణయిస్తాయి. మిమ్మల్ని నియమించేది ప్రభుత్వాలే. రేటు పెరిగితే ఈఎంఐ కట్టేవాడికి బరువు, డిపాజిట్ మీద బతికే పెద్దవాళ్లకు ఊరట. ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి డబ్బు మార్చే నిర్ణయం రాజకీయం కాదంటే ఎవరూ నమ్మరు. ఎన్నికైన ప్రభుత్వానికి రేట్ల మీద అభిప్రాయం ఉండటంలో తప్పేమీ లేదు. ఆ అభిప్రాయం సంతకంతో, తేదీతో, అందరికీ కనిపించేలా రావాలి, అంతే.

ఈ పని చేసి చూపించిన దేశాలు ఉన్నాయి. కెనడాలో 1961లో గవర్నర్ జేమ్స్ కోయిన్‌కు, ప్రభుత్వానికి గొడవ ముదిరి, ఆయన పదవి ఖాళీ అయిందని ప్రకటించే బిల్లు కూడా తెచ్చారు. సెనేట్ ఆ బిల్లును తిప్పికొట్టింది, ఆ వెంటనే కోయిన్ రాజీనామా చేశారు. ఆయన తర్వాత వచ్చిన లూయిస్ రాస్మిన్‌స్కీ పదవి తీసుకునేటప్పుడే ఒక విషయం స్పష్టం చేశారు. విభేదం తీరకపోతే ప్రభుత్వం తన ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి, అది ప్రజలకు తెలియాలి. 1967లో దాన్ని చట్టంలో పెట్టారు. అప్పటి నుంచి ఏ ప్రభుత్వమూ ఆ అధికారాన్ని వాడలేదు. రాసి సంతకం పెట్టాల్సి వస్తే ఆదేశం ఇవ్వడానికి ఎవరికీ చెయ్యి రాలేదని నేను అర్థం చేసుకున్నాను. న్యూజిలాండ్ కూడా 1989 చట్టంలో ఇలాంటి ఏర్పాటే చేసింది.

బ్రిటన్‌లో 1997 దాకా రేట్లు నిర్ణయించింది ఆర్థిక మంత్రే. అయినా 1994 నుంచి మంత్రి కెన్నెత్ క్లార్క్, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ ఎడ్డీ జార్జ్ మధ్య ప్రతి నెలా జరిగే చర్చ మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాసిన నమోదు, కొన్ని వారాల్లోనే అచ్చయ్యేవి. 1995 మేలో గవర్నర్ రేటు పెంచమన్నారు, మంత్రి ఒప్పుకోలేదు. ఎవరి వాదన ఏమిటో జనం చదువుకున్నారు. నిర్ణయం నేరుగా రాజకీయ నాయకుడి చేతిలో ఉన్న ఆ మూడేళ్లలో ప్రజలకు తెలిసినంత, స్వతంత్రత పేరుతో మూసిన గదుల్లో కూర్చున్న చాలా బ్యాంకుల గురించి ఇవాళ తెలియదు. ఆ బ్యాంకు స్వతంత్రం అయ్యాక కూడా, ద్రవ్యోల్బణం 2 శాతం లక్ష్యానికి ఒక శాతం అటో ఇటో తప్పితే, గవర్నర్ ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ రాయాలి. మొదటి లేఖ 2007 ఏప్రిల్‌లో అప్పటి గవర్నర్ మెర్విన్ కింగ్ రాశారు.

భారత్‌లో ఈ విషయంలో మంచీ ఉంది, లోటూ ఉంది. 2016లో ఏర్పడ్డ ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు సభ్యులు, ముగ్గురు రిజర్వ్ బ్యాంకు నుంచి, ముగ్గురు ప్రభుత్వం నియమించినవాళ్లు. ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకేశారో 14వ రోజున మినిట్స్‌లో వస్తుంది. 2017 జూన్‌లో నిర్ణయానికి ముందు ఆర్థిక శాఖ సభ్యులను సమావేశానికి పిలిచింది. సభ్యులందరూ ఆ పిలుపును నిరాకరించారని గవర్నర్ ఉర్జిత్ పటేల్ విలేకరుల ముందే చెప్పారు. ఆ ఒక్క వాక్యం నాకు ఏ ఉపన్యాసం కంటే విలువైనది. కానీ 2022లో వరుసగా మూడు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం గరిష్ఠ పరిమితి అయిన 6 శాతం పైన ఉండటంతో, ఎందుకు తప్పామో వివరిస్తూ రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపాల్సి వచ్చింది. నవంబరులో పంపింది. అప్పట్లో దాన్ని బయటపెట్టలేదు. దాన్ని బహిరంగపరిచే నిబంధన చట్టంలో లేదని పార్లమెంటులో ప్రభుత్వం చెప్పింది. బహిరంగపరచొద్దన్న నిబంధన కూడా లేదు కదా. ధరలు భరించినవాళ్లు చదవాల్సిన ఉత్తరం అది.

మీ అభ్యంతరాలు ఊహించగలను. ప్రతి మాటా రాస్తే మాటలు నడవాల్లోకి, మూడో మనిషి ఫోన్లోకి మారతాయి అంటారు. కొన్ని మారతాయి. అప్పుడు నియమం ఉల్లంఘించి మాట్లాడుతున్నామని మాట్లాడేవాడికీ, వినేవాడికీ తెలుస్తుంది. వోల్కర్‌లాంటి మనిషికి కూడా 1984లో ఆ అండ లేదు. లేచి వచ్చేయడం తప్ప చేయగలిగింది లేకపోయింది. రాసి నమోదు చేయడం తన విధి అయి ఉంటే, బేకర్ ఆ మాట అనడానికే సందేహించేవారు.

మార్కెట్లు కంగారు పడతాయని కూడా అంటారు. ఫెడ్ తన సమావేశాల పూర్తి పాఠాన్ని ఐదేళ్ల తర్వాత విడుదల చేస్తోంది, లోకం మునగలేదు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తన కార్యనిర్వాహక బోర్డు సభ్యులు ఎవరెవర్ని కలిశారో మూడు నెలల తర్వాత డైరీలు బయటపెడుతోంది. ఆ డైరీలో, రేటు గురించి మాట్లాడారా, ఏం మాట్లాడారు అని రెండు వరుసలు చేరిస్తే నేను అడిగింది దాదాపు వచ్చేసినట్టే. ఐదేళ్ల గడువు మాత్రం ఎక్కువ, అందులో ఒక ఎన్నిక దాటిపోతుంది.

పదవీకాలం గురించి ఒక మాట. మళ్లీ నియమించే అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఫోన్ చేయనక్కర్లేదు, మౌనంగా ఉన్నా సరిపోతుంది. ఆ మౌనాన్ని ఏ రిజిస్టరులోనూ రాయలేం. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు బోర్డు సభ్యులకు ఎనిమిదేళ్లు, రెండోసారి లేదు. భారత్‌లో కమిటీ బయటి సభ్యులకు నాలుగేళ్లు, మళ్లీ నియమించరు, గవర్నర్‌కు మాత్రం పొడిగింపు ఉంటుంది. ఈ తేడా ఎందుకో ఆ దేశ చట్టసభ ఆలోచించాలి. మీ చేతిలో లేని పని కాబట్టి ఇక్కడ ఆపుతాను.

రిజిస్టరు మాత్రం మీ చేతిలోనే ఉంది. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ తీర్మానం చాలు. వచ్చే సమావేశం మొదటి అంశంగా పెట్టండి. గత సమావేశం నుంచి ఈ సమావేశం దాకా రేటు గురించి ప్రభుత్వం తరఫున ఎవరైనా మాట్లాడారా అని గవర్నర్ ఒక్కొక్కరినీ అడగాలి. చివర్లో తన సంగతి తాను చెప్పాలి. ఎవరూ మాట్లాడకపోతే ఎవరూ మాట్లాడలేదని మినిట్స్‌లో రాయండి. మాట్లాడి ఉంటే పేరు, తేదీ, మాట రాయండి. వాటిని మూడు నెలల్లో విడుదల చేయండి. మీ కమిటీ దీనికి ఒప్పుకోకపోతే, ఎవరు ఒప్పుకోలేదో ఆ ఓట్లు కూడా మినిట్స్‌లో ప్రచురించండి.

ఇట్లు,
ఒక పౌరుడు